విప్పని రాకెట్టు

పిడుగురాళ్లలో ఫ్యాన్సీ షాపు నడిపే వాసింకి నలభై దాటినా బొమ్మల పిచ్చి వదల్లేదు. చెన్నై పాత సామాన్ల బజారులో ఏరి తెచ్చిన రాకెట్లు, చంద్రుడి మీద తిరిగే బండ్లు బీరువా మీద పెట్టెలు పెట్టెలుగా ఉంటాయి. అన్నీ ముక్కలు బిగించి కట్టుకునేవే. వాటి మీద సున్నపు బట్టీల దుమ్ము నిలవకుండా రోజూ తుడుస్తాడు. "నాకు బుద్ధి పెరగలేదండీ, పొట్టే పెరిగింది" అని వచ్చినవాళ్లకి తనే చెబుతాడు. ఆదివారాలు నెట్ సెంటర్లో కూర్చుని, ఒంటివేలితో టైపు కొడుతూ వాటికి రివ్యూలు రాస్తాడు. సీలు తీస్తే విలువ పోతుందని పెట్టె మాత్రం తెరవడు.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి అన్నిటికన్నా పాత పెట్టె తెరిచి ఉంది. భార్య నాజియా చాప మీద కూర్చుని రాకెట్టు బిగిస్తోంది.

"ఎంత పని చేశావే! సీలు..."

"కట్టడం చాలా తేలికని రాశానన్నారుగా? ఇందాకట్నించీ ఈ రాకెట్టు కాలు కూర్చోవట్లేదు. మీరు పెట్టండి చూద్దాం."

కోపంగానే అందుకున్నాడు. అతనికీ కూర్చోలేదు. చివరికి ఆమే దాన్ని తిరగేసి టక్కున బిగించింది. వాసింకి నవ్వాగలేదు.

ఆ ఆదివారం పాత రివ్యూ తీసేసి కొత్తది రాశాడు: "ఇది తేలికని రాసినవాడు పెట్టె తెరవని దద్దమ్మ. రాకెట్టు కట్టింది మా ఆవిడ. మిగతావి ఇవాళ తెరుస్తున్నాం."