చూపించాల్సిన డబ్బు

మా ఇంట్లో డబ్బు ఉంది అనే మాట నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ వినలేదు. ఆదోనిలో మాది పత్తి కమీషన్ వ్యాపారం, దానితోపాటు విత్తనాలు, పురుగుమందుల అంగడి. యార్డులో పత్తి బండ్లు నిలపడానికి చోటు లేని రోజున కూడా ఎవరైనా వచ్చి "వ్యాపారం ఎట్లుందన్నా?" అంటే మా ఆయన చెప్పే జవాబు ఒకటే. "యాడిదప్పా, ఈసారి అంతా నష్టమే." పన్నుల ఆఫీసరు వచ్చినా అదే, వినాయక చవితి చందాకు వచ్చినా అదే, నేను బియ్యానికి అడిగినా అదే. కావాలని అబద్ధం చెప్పాలని కాదు, తుమ్ము వచ్చినట్టు వచ్చేస్తుంది. ఈ ఊళ్ళో వ్యాపారస్తులు చాలామందిది ఇదే తీరు. ఉందంటే దిష్టి తగులుతుందని సగం భయం, ఉందంటే అడుగుతారని మిగతా సగం.

నా మోకాళ్ళు అరిగిపోయి చాలా ఏళ్ళయింది. మేడ మీద ఆరేసిన బట్టలు తెచ్చుకోవాలంటే మెట్ల మీద రెండుసార్లు కూర్చోవాలి. కర్నూల్లో డాక్టరు ఎక్స్‌రే చూసి, రెండూ మార్చాలమ్మా, ఆలస్యం చెయ్యొద్దు అన్నాడు. మా ఆయన ఆ ఎక్స్‌రేను కిటికీ వెలుతురులో పెట్టి, పత్తి శాంపిలు చూసినట్టు అటూ ఇటూ తిప్పి, "సీజను అయిపోనీ, సూద్దాం" అన్నాడు. పత్తి సీజను అయిపోతే విత్తనాల సీజను వస్తుంది. అది అయిపోతే మళ్ళీ పత్తి. అడిగి అడిగి నాకే అసహ్యం వేసి మానేశాను.

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. అక్కడ మా చెల్లెలు మగ్గాల వాళ్ళ దగ్గర చీరలు కొని అమ్ముతుంది. నేను పోయినప్పుడల్లా నాలుగు చీరలు సంచిలో తెచ్చి, మా వీధి ఆడవాళ్ళకు వాయిదాల మీద ఇవ్వడం మొదలుపెట్టాను. ఇంట్లో అడిగితే చెల్లెలి వ్యాపారమే, నేను ఊరికే సాయం చేస్తున్నా అనేదాన్ని. లాభం మాత్రం ఎమ్మిగనూరు బ్యాంకులో నా పేరున పడేది. చెల్లెలి కూతురు నా ఫోనులో బ్యాంకు యాప్ పెట్టి ఎలా చూసుకోవాలో, ఎలా కట్టాలో నేర్పింది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తెరిచి చూసుకునేదాన్ని. ఏళ్ళ తరబడి కూడబెడితే నాలుగు లక్షలయింది. రెండు మోకాళ్ళకూ సరిపోతుంది. ఉగాది వెళ్ళాక చెల్లెలూ నేనూ కర్నూలు పోయి చేయించుకోవాలని అనుకున్నాం. ఆ డబ్బు సంగతి మా చెల్లెలికీ దాని కూతురికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

సరిగ్గా అప్పుడే విత్తనాల కంపెనీ వాళ్ళు విదేశీ యాత్ర తెచ్చిపెట్టారు. ఎక్కువ అమ్మిన అంగళ్ళ వాళ్ళను భార్యాభర్తల జంటగా తీసుకుపోతారట. ఆ దేశం పేరు చెప్పడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు. నేను నడవలేను, రాను అన్నాను. "జంటలకేనంట. నువ్వు రాకుంటే నాకూ లేదు. మనం పోకపోతే ఆ దుడ్లు కంపెనీకి మిగుల్తాయి" అన్నాడు ఆయన. కంపెనీకి మిగలడం కంటే పెద్ద అన్యాయం ఆయన లోకంలో లేదు.

పోయే ముందు కంపెనీ మేనేజరు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. టికెట్లు, హోటలు, భోజనం అన్నీ కంపెనీవే. ఒక్కటి మాత్రం మీరు చూసుకోవాలి. ఆ దేశంలో దిగగానే, ఉన్నన్ని రోజులు ఖర్చు పెట్టుకునే స్తోమత ఉందా అని అడుగుతారు. అంత డబ్బు చూపించాలి. ఖర్చు పెట్టనక్కరలేదు, చూపిస్తే చాలు. ఎవరిది వాళ్ళే చూపించాలి. ఈ మాట ఆయన మూడుసార్లు చెప్పాడు. మా ఆయన తల ఊపి వచ్చి, ఒక్క మనిషికి సరిపడా డాలర్లు మార్చుకొచ్చాడు.

"ఇద్దరికీ అన్నారు కదా" అన్నాను.

"ఆలుమొగుళ్ళం, ఇద్దరికీ వేరువేరుగా ఏందే? మార్చుకునేటప్పుడు కొంత, మళ్ళా వాపసు ఇచ్చేటప్పుడు కొంత, ఊరికే కమీషను పోతాది."

కమీషను తీసుకుని బతికే మనిషికి కమీషను ఇవ్వడమంటే ప్రాణం పోయినట్టే. ఆ డాలర్లను బనీనుకు కుట్టించుకున్న లోపలి జేబులో పెట్టుకుని విమానం ఎక్కాడు.

దిగిన చోట పొడుగాటి వరుస. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. మా వంతు రాగానే గాజు అద్దం వెనక కూర్చున్న ఆఫీసరు మా ఇద్దరి పాస్‌పోర్టులూ తిప్పి, మా ఆయన మొహం చూసి ఏదో అడిగాడు. అందులో మనీ అనే మాట నాకు కూడా అర్థమయింది. మా ఆయనకు అర్థమయింది ఇంకొకటి: యూనిఫాం వేసుకున్న ఆఫీసరు డబ్బు సంగతి అడుగుతున్నాడు. రెండు చేతులూ పైకెత్తి, ఖాళీగా ఉన్న చొక్కా జేబు లాగి చూపిస్తూ, "నో మనీ సార్. స్మాల్ బిజినెస్. ఫుల్ లాస్" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. నలభై ఏళ్ళుగా ఆఫీసర్లను పంపించేసిన మాట మొదటిసారి ఎదురు తిరిగింది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే ఇద్దరినీ పక్క గదిలోకి పొమ్మన్నారు.

ఆ గదిలో ఇంకో పెద్ద ఆఫీసరు. మేనేజరు ఉరుకుతూ వచ్చాడు. "ఏంది సార్ మీరు, డబ్బు లేదని చెప్తారా? తీసి చూపించండి" అన్నాడు. అప్పుడు మా ఆయన చొక్కా గుండీలు విప్పి, బనీను జేబులోంచి డాలర్లు తీశాడు. అప్పటికే అనుమానంగా చూస్తున్న ఆఫీసరు మరింత అనుమానంగా లెక్కపెట్టాడు. ఇది ఒక్కరికే సరిపోతుంది అన్నాడు. వీళ్ళు భార్యాభర్తలు అని మేనేజరు చెప్పి చూశాడు. ఇద్దరు మనుషులే కదా అన్నాడు ఆఫీసరు. ఒకరు లోపలికి పోవచ్చు, ఇంకొకరు తిరుగు విమానానికి వెనక్కి. ఎవరో మీరే తేల్చుకోండి.

మేనేజరు దాన్ని తెలుగులో చెప్పి, తల దించుకున్నాడు. ఆ మాటకు మా ఆయన ఆలోచించలేదు. తలుపు బయట తోటి వ్యాపారస్తులూ వాళ్ళ భార్యలూ తొంగి చూస్తున్నారు. వాళ్ళకు కూడా వినిపించేటట్టు అన్నాడు.

"ఆమెను పంపించండి. ఎట్లాగూ నడ్సలేదు, వచ్చి ఏం సూస్తాది?"

నడవలేకపోవడానికి కారణం ఎవరు? సీజను అయిపోనీ, సీజను అయిపోనీ అని ఆ మోకాళ్ళను అరగదీసిన మనిషే, అరిగిపోయాయి కాబట్టి దీన్ని వెనక్కి పంపండి అంటున్నాడు. పుట్టింటికి తప్ప ఒంటరిగా బస్సులో బళ్ళారి కూడా పోని దాన్ని, భాష రాని చోట విమానం ఎక్కి పొమ్మంటున్నాడు. పోయుంటే బాగుండేది. నా డబ్బు నాకు మిగిలేది. ఆ క్షణాన అంత తెలివి నాకు లేదు. కోపంతో చెవులు వేడెక్కిపోయాయి. సంచిలోంచి ఫోను తీసి, యాప్ తెరిచి, ఆఫీసరు బల్ల మీద పెట్టాను. నెట్ లేక తెర మీద చక్రం గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతే మేనేజరే తన ఫోను నెట్ కలిపిచ్చాడు.

ఆఫీసరు చూశాడు. పేరు పాస్‌పోర్టుతో సరిపోల్చుకున్నాడు. తల ఊపి, నా పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టాడు. మేనేజరుకు ఎంత సంతోషం వేసిందంటే, ఫోను చేత్తో ఎత్తి పట్టుకుని గట్టిగా చదివేశాడు.

"నాలుగు లక్షల పదకొండు వేలు! అమ్మా, ఇంత పెట్టుకుని ముందే చెప్పొచ్చు కదమ్మా!"

తలుపు దగ్గర ఆడవాళ్ళు నోరు మీద చెయ్యి పెట్టుకున్నారు. మా ఆయన నా వైపు తిరగలేదు. ఫోను వైపే చూశాడు.

ఆ యాత్రలో ఆయన నన్ను చూసుకున్నట్టు పెళ్ళయిన కొత్తలో కూడా చూసుకోలేదు. చక్రాల కుర్చీ ఊరికే ఇస్తారని తెలుసుకుని తెప్పించాడు. కొబ్బరి బోండాం కొనిచ్చాడు, తన డబ్బుతో. డబ్బు ఎక్కడిదని ఒక్క మాట అడగలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. సముద్రం ఒడ్డున కూర్చుని, ఆ బోండాం తాగుతూ, నా మోకాళ్ళు పోయినట్టే అని నాకు తెలిసిపోయింది.

తిరిగి వచ్చిన వారానికే అడిగాడు. "రైతులకు అడ్వాన్సులు ఇయ్యాల. నీవి ఊరికే పడుండాయి గదా, ఇట్ల తిప్పు. దీపావళికి ఇస్తా."

"అవి నా కాళ్ళకు పెట్టుకున్నవి" అన్నాను.

"నీ కాళ్ళు యాడికి పోతాయే? మన దుడ్లే గదా."

నా కొడుకు కూడా పక్కనుంచి, "నాయన అంతగా అడుగుతాండాడు గదమ్మా" అన్నాడు. ఊరంతా చూసిన డబ్బును లేదనడం నాకు చేతకాలేదు, ఇచ్చేశాను. చీరల వాయిదాలు వసూలు చేయడానికి అంగడి గుమస్తాను పెడతానన్నాడు మా ఆయన. ఆ మాటతో నా వ్యాపారం కూడా పోయింది. దీపావళి వచ్చింది, పోయింది. నేను మెట్ల మీద రెండుసార్లు కాదు, నాలుగుసార్లు కూర్చుంటున్నాను.

ఈ ఏడు కంపెనీ ఇంకో దేశం తీసుకుపోతామంది. ఈ దేశం వాళ్ళు ఇంకా గట్టివాళ్ళు. చేతిలో డబ్బు చూపిస్తే ఒప్పుకోరు. మూడు నెలలుగా బ్యాంకులో కదలకుండా ఉన్నట్టు కాగితం కావాలి. అదీ ఎవరి పేరున వాళ్ళకు. పోయినసారి దెబ్బ తగిలింది కాబట్టి మా ఆయన ఈసారి లోపం చేయలేదు. నా ఖాతాలో నాలుగు లక్షలు వేశాడు. "వీసా అయ్యేదాకా ఉండనీ. మళ్ళా వాపసు తీసుకుందాం" అన్నాడు. చెక్కు మీద సంతకం కూడా చేయించుకోలేదు. ఇనప్పెట్టెలో డబ్బు పెట్టినవాడు, ఆ పెట్టే దాన్ని ఎత్తుకుపోతుందని భయపడతాడా?

రోజూ మధ్యాహ్నం యాప్ తెరిచి చూసుకున్నాను. రెండు నెలలు చూసుకున్నాను. యార్డులో పత్తి మంచి రేటు పలికి ఆయనకు తీరిక లేని వారం చూసి, ఎమ్మిగనూరు పోతున్నా అని చెప్పి బస్సెక్కాను. చెల్లెలిని వెంటబెట్టుకుని అటునుంచి అటే కర్నూలు పోయాను. ఆపరేషన్ ఒప్పుదల కాగితం మీద సంతకం చెల్లెలే పెట్టింది. కుడి కాలు ఇప్పుడు, ఎడమ కాలు మూడు నెలలకు అన్నాడు డాక్టరు. రెండింటికీ ఇప్పుడే కట్టేస్తానని చెప్పాను. రెండింటికీ ముందే కట్టేవాళ్ళను మొదటిసారి మిమ్మల్నే చూస్తున్నామమ్మా అని కౌంటరు అమ్మాయి నవ్వింది. ఖాతాలో చిల్లర మిగిల్చి వచ్చి పడుకున్నాను.

ఆపరేషన్ గదికి తీసుకుపోయే ముందు చెల్లెలు ఆయనకు ఫోను చేసింది. నేను కళ్ళు తెరిచేసరికి ఆయన మంచం పక్కన ఉన్నాడు. "ఎంత కట్టినావ్?" అన్నాడు మొదట. చెప్పాను. కూర్చున్నవాడు లేచి, మళ్ళీ కూర్చున్నాడు. "ట్రిప్పు పాయె గదే" అన్నాడు. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ట్రిప్పుకు.

మర్నాటి నుంచి ఆదోని జనం చూడ్డానికి వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళతోనూ ఆయనే మాట్లాడాడు. "రెండు కాళ్ళకూ ఒకేసారి కట్టేసినా. ఆడమనిషి బాధపడుతుంటే దుడ్ల మొగం సూస్తామా?" మగవాళ్ళు భేష్ అన్నారు. ముసలమ్మలు నా తల నిమిరి, ఎంత పుణ్యం చేసుకున్నావమ్మా ఇట్లాంటి మొగుడు దొరకను అన్నారు. నొప్పికి పళ్ళు బిగించుకుని ఉన్నాను కాబట్టి బతికిపోయాడు.

నాలుగో రోజు ఎమ్మిగనూరు నుంచి విత్తనాల అంగడి ఆయనా, ఆయన భార్యా వచ్చారు. ఈ ఏటి యాత్ర జాబితాలో వాళ్ళూ ఉన్నారు. మా ఆయన మళ్ళీ మొదటి నుంచీ కథంతా చెప్పి, టీ తాగుదాం రాప్పా అని ఆ మగమనిషిని కిందికి తీసుకుపోయాడు. ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్నది, మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"అక్కా, మీ ఆయన సెప్పిందంతా నమ్మలేదు నేను, అసలు సంగతి మీ చెల్లెలు సెప్పింది" అంది మెల్లగా. "గర్భసంచిలో గడ్డ ఉంది, తీసేయాలని డాక్టరమ్మ సెప్పి రెండేండ్లయింది. మా ఇంట్లో గూడా సీజను అయిపోనీ అంటాండారు. మా ఆయన నా పేరున దుడ్లు ఏసినాడక్కా, వీసా కోసరం. వచ్చే నెల దాకా ఉంటాయంట."

బయట వరండాలో ఎవరో నడిచిపోయారు. ఆమె ఆగి, ఆ చప్పుడు దూరమయ్యేదాకా చూసి, జాకెట్లోంచి ఫోను తీసి నా ముందు పెట్టింది.

"దీంట్లో ఆస్పత్రికి ఎట్ల కడతారో సూపించక్కా."

దిండు కింద నుంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఫోను చేతిలోకి తీసుకున్నాను.