నడవడానికొక మొక్కు

చంద్రకాంతమ్మకు, ఆమె భర్త మునస్వామికి 2003లో ఒకేసారి షుగరు బయటపడింది. డాక్టరు ఆయన్ని సిగరెట్లు మానమన్నాడు. ఆమెతో మాత్రం, "నీకే దురలవాటూ లేదమ్మా. పొద్దంతా కూర్చుని పూలు కడతావు, ఒంటికి కదలిక లేదు. ఇద్దరూ రోజూ నడవండి" అన్నాడు.

మర్నాడే మునస్వామి కాన్వాసు బూట్లు వేసుకుని గ్రౌండుకు బయలుదేరాడు. ఎవరూ ఏమీ అడగలేదు. చంద్రకాంతమ్మ తిరుపతి కొర్లగుంటలో తమ వీధి మలుపు దాటకముందే, "పొద్దున్నే యాడికి పోతా ఉండావమ్మా?" అని ముగ్గురు అడిగారు. ఇంటికొస్తే అత్త, "ఇంట్లో పని సాల్లేదా, రోడ్లు కొలిసేదానికి పోయినావా?" అంది.

ఆడమనిషి ఊరికే నడవకూడదు, ఏదో ఒక కారణం చూపించాలి. జబ్బు ఆ కారణాల్లోకి రాదు. తిరుపతిలో ఎవరూ కాదనలేని కారణం ఒకటుంది.

"రోజూ అలిపిరి దాకా నడిసిపోయి కర్పూరం ముట్టిస్తానని మొక్కుకున్నా అత్తా, ఒక మండలం" అంది చంద్రకాంతమ్మ. స్వామి మొక్కుకు అడ్డుపడే ధైర్యం అత్తకు లేదు.

మండలం పూర్తయ్యేసరికి షుగరు కొంత దిగింది. "మొక్కు తీరింది గదా, ఇంక ఇంటిపట్టున ఉండు" అంది అత్త.

చంద్రకాంతమ్మ చెప్పులు వేసుకుంటూ, "మొక్కు తీరింది గానీ షుగరు పోలేదత్తా. నీ కొడుకు ఏం మొక్కుకోని పోతా ఉండాడు రోజూ?" అని అడిగింది.

అంతలో బీపీ ఉన్న పక్కింటి నవీన గేటు దగ్గర నుంచి కేకేసింది.

"అక్కా, నేనూ మొక్కుకున్నానని మా ఇంటాయనకు సెప్పేసినా. బిరబిరా రా, పోదాం!"