విల్డా మొలిపించిన తోట

మా వాగుకి అవతలి ఒడ్డున విల్డా ప్రూయిట్ నలభై ఏళ్ళకు పైగా కాపురం చేసింది. పెళ్ళికి ముందు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక బట్టల కొట్లో గుడ్డ కత్తిరించే పని ఆమెది. హార్లన్‌ని చేసుకుని ఈ మిస్సోరీ కొండల్లోకి వచ్చినప్పుడు, రెండేళ్ళు చూద్దాం, ఆవుల మీద రాబడి లేకపోతే టౌనుకి పోదాం అని అతనే మాటిచ్చాడు. ఈ సంగతి మా వంటింట్లో కూర్చుని ఆవిడే నాకు చెప్పింది.

రెండేళ్ళకి ఆవుల్ని అమ్మేసిన మాట నిజమే. కానీ వాగు పక్క చేనంతా కలప కోసం నల్ల వాల్‌నట్ చెట్లు వేస్తానన్నాడు హార్లన్.

“ఎన్నాళ్ళకి కోతకొస్తాయి?” అని అడిగింది విల్డా.

“యాభై, అరవై ఏళ్ళు. ఒక్కో దుంగ బంగారం అనుకో.”

“అప్పటిదాకా నేనిక్కడే ఉండాలా?”

“ఇంకెక్కడికి పోతావే!” అని నవ్వాడు. చెడ్డ మనిషి కాదు హార్లన్. ఆ మంచి నవ్వుకే విల్డాకి ఊపిరాడలేదు.

మొక్కలు కొనలేదు. కాయల నుంచే మొలిపించాలి. హార్లన్ రంపపు మిల్లుకి వెళ్ళేవాడు కాబట్టి ఆ పనంతా విల్డా మీద పడింది. అక్టోబరులో రాలిన కాయల్ని దారి మీద పరిచి, వాటి మీద ట్రక్కుని ముందుకీ వెనక్కీ నడిపి పచ్చ తొక్క వదిలించేది. తొట్టిలో నీళ్ళు పోసి అందులో వేసేది. తేలినవి తాలు, పారేసేది. మునిగినవాటిని తడి ఇసుకలో కలిపి గుంటలో పూడ్చి, ఉడతలు తవ్వకుండా పైన ఇనప జాలీ బిగించేది. చలికాలమంతా అలా నానితేనే గింజ పగులుతుంది. తొక్క రసం చేతులకి పట్టిందంటే క్రిస్మస్ దాకా వదలదు. చర్చిలో ఆ నల్లటి వేళ్ళని కోటు కింద దాచుకునేది. జింకలు కొరికినచోట, ఎండకి మాడినచోట మళ్ళీ నాటాలి. అందుకని ఏటా అదే పని.

నాలుగో ఏడు జనవరిలో పెట్టె సర్దుకుని, బస్సెక్కి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చెల్లెలు ఓపల్ ఇంటికి వెళ్ళిపోయింది. పాత కొట్లోనే మళ్ళీ పని దొరికింది. మార్చి చివర ఒక ఆదివారం గాలి వెచ్చబడింది. ఓపల్ మొక్కజొన్న రొట్టె కాలుస్తుంటే విల్డా కిటికీ దగ్గర నిలబడి, “గుంటలో కాయలు పగులుతుంటాయి,” అంది.

“పగలనీ. నీకేంటక్కా?”

“తీసి నాటకపోతే వేళ్ళన్నీ చిక్కుపడిపోతాయే. తర్వాత విడదీస్తే తల్లివేరు తెగుద్ది.”

“బావ నాటుకుంటాడులే.”

“ఆయనకి కాయని ఎలా పడుకోబెట్టాలో కూడా తెలీదు.”

“నేర్చుకుంటాడు! నువ్వాయన పెళ్ళానివా, పాలేరువా?”

రెండు రోజుల్లో వచ్చేస్తానని చెప్పి విల్డా బస్సెక్కింది. చేలో వంగి నాటుతుంటే హార్లన్ మిల్లు నుంచి వచ్చాడు. “వచ్చావా,” అని మాత్రం అన్నాడు. సాయంత్రం విల్డా ఇంట్లోకి వెళ్ళి చూస్తే, పెట్టెలో తెచ్చుకున్న గౌన్లని హార్లన్ అప్పటికే బీరువాలో తగిలించేశాడు. ఖాళీ పెట్టె అటక ఎక్కింది.

“ఒక్క మాట తిట్టినా పోట్లాడి పోయేదాన్ని, నేవా,” అంది తర్వాతెప్పుడో విల్డా నాతో. “తిట్టలేదు. భోజనం పెట్టమన్నాడు.”

తర్వాత ఏళ్ళు అలాగే గడిచాయి. పిల్లలు కలగలేదు. పెరట్లో టమాటాలు వేసి, రోడ్డు పక్క బల్ల మీద పెట్టి అమ్ముకోవడం ఒక్కటే ఆమె సొంత పని. పెరటి అంచున కూడా హార్లన్ ఒక వరుస వాల్‌నట్ వేయించాడు. అవి ఇంటి కప్పు ఎత్తుకి పెరిగాక, ఒక జూలైలో కాపు మీదున్న టమాటా మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. ఎన్ని నీళ్ళు పోసినా లేవలేదు. ఆ చెట్టు వేరు పాకిన మట్టి టమాటాకి విషం.

“ఆ వరుసొక్కటీ కొట్టేయ్,” అని బతిమాలింది.

“కొట్టేయాలా? వాటిని పెంచింది నువ్వే కదే!”



మొన్నామధ్య గుండె ఆగి హార్లన్ పోయాడు. కలప వ్యాపారి వచ్చి మానుల చుట్టూ టేపు పెట్టి కొలిచాడు. “ఇంకో పాతికేళ్ళు ఆగండమ్మా, అప్పుడు మంచి సరుకవుతుంది,” అన్నాడు. విల్డా పడీపడీ నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి, “లెస్టర్, నీ ఆవుల్ని నా చేలోకి తోలుకో,” అంది మా ఆయనతో.

“బెరడు రుద్దేస్తాయి విల్డా. వేళ్ళ మీద నేల తొక్కి రాయి చేసేస్తాయి. చెట్లు పాడైపోతాయి.”

“తెలుసు.”

“హార్లన్ ఉంటే…”

“లేడుగా. కౌలు ఓపల్ ఇంటికి పంపించు.”

ఆ వారమే ఓపల్ దగ్గరికి వెళ్ళిపోయింది. పాత బట్టల కొట్టు ఎప్పుడో మూతపడింది. ఇంట్లోనే కుట్టుపని పెట్టుకుంది. శరత్కాలంలో చూడ్డానికి వెళ్తే నాకు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. ఆ వీధి చప్పుడుకి నిద్ర పట్టడం లేదంది. ఏదో పని మిగిలిపోయినట్టు రోజూ తెల్లారకముందే ఉలిక్కిపడి లేస్తున్నానంది.

“మరి వచ్చేస్తావా?” అన్నాను.

“రాను,” అంది విల్డా, ఓపల్ ప్లేటులో యాపిల్‌తో చేసిన తీపి రొట్టె ఇంకో ముక్క వేస్తూ.