నల్లప్పకు ఓబమ్మ ఏమవుతుంది?

మా ఊరివాళ్లకు వాన రాకపోతే ఆ తప్పు ఎప్పుడూ ఎవరో ఒకరి నెత్తిన వేయాలి. గుట్ట మీద చెట్లన్నీ కొట్టి ఇటుక బట్టీలకు అమ్ముకున్నప్పుడు ఎవరికీ ఏ తప్పూ కనపడలేదు. పోటీలు పడి బోర్లు వేసి భూమి కడుపు ఎండగట్టినప్పుడూ కనపడలేదు. చివరికి కనపడింది ఎక్కడయ్యా అంటే, వంక గట్టున మట్టిలో పడుకున్న నల్లప్ప దగ్గర. చచ్చిపోయిన మనిషి మేఘాలను వెనక్కి తరుముతున్నాడని తేల్చారు. బతికి ఉండగా ఆ మనిషి అదిలిస్తే కోడి కూడా పక్కకు తప్పుకునేది కాదు.

అయితే నేను చెప్పబోయేది నల్లప్ప సంగతి కాదు, ఓబమ్మ సంగతి. ఆమె మొగుడు బెంగళూరుకు ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోయి అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. ఓబమ్మ కొన్నాళ్లు ఏడ్చింది, ముక్కు చీదుకుంది, గోరంట్లలో మేము పనిచేసే చింతపండు షెడ్డుకు వచ్చి కూర్చుంది. నేను తూకం దగ్గర ఉండేదాన్ని. ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయ పెంకు కొట్టి, ఈనె లాగి, గింజ తీసేవాళ్లు. పులుపు వేళ్ల పగుళ్లలోకి దిగి రాత్రికి మంట పుట్టేది. ఓబమ్మ నోరు కూడా ఆ చింతపండు లాంటిదే. మేస్త్రీ సైతం ఆమె పక్కనుంచి పోయేటప్పుడు దగ్గి మరీ పోయేవాడు.

నల్లప్ప ఆ షెడ్డులో హమాలీ. బస్తాలు మోసేవాడు. పేరుకు నల్లప్పేగానీ పెదవుల మీద, చేతుల మీద, పాదాల మీద తొన్ను, తెల్లటి మచ్చలు. ఊరి పోకిరీలు తెల్లప్ప అని పిలిచేవాళ్లు. అది అంటు కాదని గోరంట్ల డాక్టరు చెప్పినా మా ఊరివాళ్లు డాక్టరు కంటే తెలివైనవాళ్లు కదా, ఆయన ముట్టిన చెంబు ముట్టేవాళ్లు కాదు. ఆయన మోసిన చింతపండు మాత్రం అందరి ఇళ్లలో చారయ్యేది. ఆ చారుకు తొన్ను అంటదు కాబోలు!

నల్లప్పకు కోపం రాదు. "దేవుడు నాకు సున్నం కొట్టను మొదలుపెట్టినాడు ఓబమ్మా, సగంలో దుడ్లు అయిపోయి వదిలేసినాడు" అని నవ్వేవాడు. ఓబమ్మ ఆ నవ్వుకు పడిపోయింది. పని దిగాక ఆయన ఆముదం సీసా తెచ్చి ఆమె వేళ్లకు ఒక్కొక్కదానికి రాస్తుంటే చూసి మా ఆడవాళ్లు ఇస్సిస్సీ అన్నారు. వాళ్లలో ఒక్కదాని మొగుడు కూడా పెళ్లాం చేతులవైపు చూసిన పాపాన పోలేదు. ఆ కుళ్లు ఎక్కడికి పోతుంది?

మా వైపు మొగుడు వదిలేసిన ఆడది ఇంకొకరితో ఉండాలనుకుంటే దానికో పద్ధతి ఉంది. పెద్దమనుషులు కూర్చుని, ఆ మగవాడి చేత చీర, ఆకువక్క ఇప్పిస్తారు. కూడికె అంటారు. పెళ్లి కాకపోయినా పెళ్లితో సమానమే. ఓబమ్మా నల్లప్పా చీర కొనుక్కుని జయరాముడి ఇంటికి పోయారు. మా ఊళ్లో పెద్దమనిషి ఆయనే. ఆయన గడప దిగకుండానే, "తొన్నోనికి కూడికె ఏందప్పా? రేపు పుట్టేటోళ్లకు కూడా వస్తే ఊరికి ఎవరు జవాబు చెప్తారు?" అని తరిమేశాడు.

వాళ్లు తిరిగొచ్చి ఒకే ఇంట్లో ఉండిపోయారు. ఎవరిని అడగాలి? కానీ ఓబమ్మకు ఆ మాట ముల్లులా దిగింది. ఊళ్లో ఆమెను నల్లప్ప పెండ్లాం అని ఎవరూ అనరు, నల్లప్ప ఇంట్లో ఉండేది అంటారు. ఎక్కడైనా పేరంటానికి పోతే బొట్టు పెట్టే చేయి ఆమె దగ్గరికి వచ్చేసరికి దారి మర్చిపోతుంది. నోటిదురుసు ఓబమ్మ, మేస్త్రీని వణికించే ఓబమ్మ, ఒక్కసారి ఎవరైనా పెండ్లాం అని పిలిస్తే చాలని కాచుకుని ఉండేది. పిచ్చిదని నేను తిట్టేదాన్ని. జుట్టు నెరిసినా ఆ ఆశ చావలేదు.

కరోనా పోయిన మరుసటేడు నల్లప్ప ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. వాళ్లలో పూడ్చడమే ఆనవాయితీ. షెడ్డు హమాలీలే మోసుకుపోయి వంక గట్టున పూడ్చారు. తొన్ను ఉన్నవాణ్ని పూడిస్తే వాన రాదు, కాల్చాలి అని మా వైపు ఒక పాత మాట ఉంది. ఆ రోజు అది ఎవరూ అనలేదు, ఎందుకంటే ఊరివాళ్లు ఎవరూ రాలేదు. మూడోనాడు ఓబమ్మ గాజులు తీయించుకోవడానికి కూర్చుని కబురు పెడితే జయరాముడి పెళ్లాం మారెక్క వాకిట్లోనుంచే అంది: "కట్టినోడే లేనిదానికి తీసేదేముంటాది?" విధవ కావడానికి కూడా మా ఊళ్లో అర్హత కావాలి. ఓబమ్మ ఆ గాజులతోనే షెడ్డుకు వచ్చింది. ఆ రోజు ఆమె ఎవరినీ తిట్టలేదు, అందుకే నాకు భయమేసింది.

ఆ తర్వాత వానలు ఎగ్గొట్టాయి. విత్తిన శెనక్కాయ మొలకలోనే మాడింది. కప్పలకు పెళ్లి చేశారు. గాడిదలను ఊరేగించారు. జయరాముడు పొద్దున లేచి సెల్లులో మబ్బులు చూసి, సాయంత్రం సోదెమ్మ దగ్గర కూర్చునేవాడు. సోదెమ్మ ఊగి ఊగి చెప్పింది: మట్టిలో తొన్ను శవం ఉంది, తీసి కాల్చండి, కానీ నిప్పు వాడి సొంత మనిషే పెట్టాలి, పరాయివాడు పెడితే ఆ దోషం వాడి ఇంటిని తగులుకుంటుంది.

నల్లప్పకు తల్లీ తండ్రీ అన్నాదమ్ముడూ ఎవరూ లేరు. సొంత మనిషి ఎవరు? అప్పుడు గుర్తొచ్చింది ఊరికి.

నేను ఆ పూట ఓబమ్మ ఇంట్లోనే ఉన్నాను. జయరాముడు పదిమందితో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఎప్పుడూ నీళ్లు ముట్టని మనిషి చెంబు అడిగి తాగాడు. మారెక్క పళ్లెంలో కొత్త చీర, పసుపు కుంకుమ, ఆకువక్క పెట్టుకుని వచ్చింది. "అక్కా, తీసుకో" అంది. అక్క! ఆ నోటికి ఆ మాట ఎలా వచ్చిందో.

"జరిగిందేదో జరిగిపాయ," అన్నాడు జయరాముడు. "నీ కూడికె ఊరు ఒప్పుకుంటాండాది. ఈ పొద్దు నుంచి నువ్వు ఆయప్ప పెండ్లానివే. రేపు నువ్వు నిప్పు పెట్టు. ఊరు బతుకుతాది."

ఓబమ్మ చేయి చీర మీదికి పోయింది. నేను నా కళ్లతో చూశాను. అంచు పట్టుకుని వేలితో నిమిరింది.

"ఇంకోసారి చెప్పు జయరామన్నా. నేను ఆయప్పకు ఏమవుతా?"

"పెండ్లానివమ్మా. ఇంతమందిలో చెప్తాండా గదా."

ఆమె కాసేపు కళ్లు మూసుకుంది. ఆ తర్వాత పళ్లెం మారెక్క వైపు తోసింది.

"మీకు మతి పోయినట్టుండాది. నేను ఆయప్పకు ఏమీ కాను. తినను తిండి లేక ఆ ఇంట్లో పడుండిన మనిషిని. ఎవరో సచ్చినోనికి నేను నిప్పు పెట్టేదేంది? ఆ దోషం నాకు యాడ అంటుకుంటాదో!"

అందరూ ఒక్కసారి లేచారు. అబద్ధమని అరిచారు. ఇన్నేళ్లు కాదు కాదు అన్నవాళ్లే అవును అవునని గోల పెట్టారు. జయరాముడికి మొహం మాడిపోయి, "అట్లయితే మారెమ్మ గుడికాడ ప్రమాణం చెయ్యి" అన్నాడు.

చేసింది. అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, "నల్లప్ప నాకు మొగుడు కాదు, నేను ఆయప్ప పెండ్లాన్ని కాను" అని ఊరంతా వినేలా చెప్పి, ఆ మంటను పిడికిట్లో అదిమి ఆర్పేసింది. ఏ మాట కోసం జన్మంతా కాచుకుందో ఆ మాటను తనే తుంచి పారేసింది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"ఇంక మీలో ఎవరు పెడతారో పెట్టండప్పా," అంది గుడి మెట్లు దిగుతూ. ఊరి కోసం ప్రాణమిస్తామని ఓట్లప్పుడు రొమ్ములు బాదుకునే వీరులంతా ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు. జయరాముడికి ఆవేళే బావమరిది ఊళ్లో ఏదో పని పడింది. పార ఎత్తినవాడు ఒక్కడూ లేడు.

ఆ ఏడు వాన రాలేదు. పై ఏడు వంక పొంగేలా కురిసింది, నల్లప్ప మట్టిలో ఉండగానే. దానికి సిగ్గుపడినవాడు మాత్రం మా ఊళ్లో లేడు. మళ్లీ వానలు తప్పితే మళ్లీ చూసుకుందామని ఓబమ్మ మీద కన్ను వేసి ఉంచారు. ఆమె నల్లప్ప సమాధి దగ్గరికి పోతే పెండ్లామేనని పట్టుకోవచ్చు కదా! అందుకని ఆమె పోదు. ఆ గట్టు పక్కనుంచే రోజూ గోరంట్లకు ఆటోలో పోతాం.

మొన్న ఆటోలో మారెక్క కూడా ఎక్కింది. గట్టు దగ్గరికి రాగానే ఓబమ్మ మొహంలోకి చూస్తూ, "వానకు నల్లప్ప గుంత కుంగిపోయిందంట. కుక్కలు తవ్వుతాండాయంట" అంది.

ఓబమ్మ బయటికి చూడలేదు. ఒళ్లో టిఫిన్ డబ్బా సర్దుకుంటూ, "ఆయప్పకు ఎవరైనా ఉంటే చూసుకుంటార్లే" అంది.