ఆటో నడిపే అంకుల్

2024లో చెరుకు గానుగలు ఆడుతున్న రోజులవి. అనకాపల్లి గవరపాలెంలో మా ఇంటి ముందుగదిలో, సాయంత్రాలు హైస్కూలు పిల్లలకు ఇంగ్లిష్ గ్రామర్ ట్యూషన్ చెప్పేదాన్ని. ఆ రోజు పాఠం రిలేటివ్ ప్రొనౌన్స్. 'హూ', 'విచ్' లాంటి మాటలు రెండు వాక్యాలను కలిపి, మనం చెబుతున్నది ఏ మనిషి గురించో, ఏ వస్తువు గురించో తేలుస్తాయి. పుస్తకంలోని ఖాళీలను అందరూ చకచకా పూరించేశారు. అర్థమయ్యే పూరించారా, మనిషికి 'హూ', వస్తువుకు 'విచ్' అని బట్టీపట్టారా? తేల్చుకుందామని, రోజూ చూసే మనుషుల గురించి సొంతంగా చెప్పమన్నాను.

ఎనిమిదో తరగతి సంతోష్ లేచాడు. "ద అంకుల్ హూ డ్రైవ్స్ అవర్ ఆటో స్లీప్స్."

"గుడ్. ఇంకొకటి?"

"ద గర్ల్ హూ సిట్స్ ఇన్ ఫ్రంట్ సింగ్స్."

పిల్లలు గొల్లున నవ్వారు. "పాడకపోతే ఆటో తుప్పల్లోకెల్లిపోతాది మేడమ్!" అంది లావణ్య.

"ఉండండర్రా. ఆయన నిద్రపోయేది ఎప్పుడు?"

"నడిపేటప్పుడే మేడమ్," అన్నాడు సంతోష్. "మొన్న వంతెనకాడ బస్సుకి ఎదురెల్లిపోయేం. అందరం కేకలేసేం."

యూకేజీ చదివే మా పాప వెళ్లేదీ ఆ ఆటోలోనే.

"ముందు కూర్చునే అమ్మాయి ఎవర్రా?"

వాడు నన్ను వింతగా చూశాడు. "మీ పాపే కదా మేడమ్."

పక్కగదిలో ఆడుకుంటున్న పాపను పిలిచి అడిగాను. "పాట ఆపితే అంకుల్ బజ్జుండిపోతాడమ్మా. అందుకే గట్టిగా పాడతాను," అంది గర్వంగా. పిల్లల ముందే కుర్చీలో కూలబడ్డాను.

మర్నాడు పొద్దున్న డ్రైవర్ నూకరాజు మా ఇంటి ముందు హారన్ కొట్టాడు. ఆటోలో ఉన్న పిల్లలందరినీ దింపేశాను.

"ఇదేటమ్మా, లేటయిపోతాది!"

"రాత్రి పడుకున్నావా?"

"సీజన్ కదమ్మా, రేత్రంతా బెల్లం పొయ్యికాడే ఉంటన్నాను. అక్కడ్నించి తిన్నగా ఇలాగొచ్చేత్తన్నాను." నవ్వాడు. "మీ పాప కన్నంటుకోనివ్వదు. భలే పాడతాదమ్మా!"

అతనికది మెచ్చుకోలే.

"ఇంతమంది పిల్లల ప్రాణాలు ఐదేళ్ల పిల్ల కాపాడాలా, నూకరాజూ?"

అతని మొహంలో నవ్వు ఆరిపోయింది. "తప్పేనమ్మా," అన్నాడు.

ఆ రోజు పిల్లల్ని తల్లిదండ్రులే బడికి దింపారు. గానుగలు ఆగేదాకా ఆటోను అతని తమ్ముడు నడిపాడు.

ఇప్పటికీ ఈ పాఠం సొంత వాక్యాలతోనే చెబుతాను. అయితే ఏ వాక్యానికైనా 'గుడ్' అనేముందు, అది నిజమేనా అని అడుగుతాను.