అక్క కొన్న గ్రాఫిక్స్ కార్డు

మొన్న పాత కంప్యూటర్ మూత తీయగానే వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో అక్క గేముల కంప్యూటర్ తయారుచేసుకున్న ఎండాకాలం గుర్తొచ్చింది. ట్యూషన్లు చెప్పుకుంటూ పాత భాగాలు ఒక్కొక్కటే కొనేది. చివరికి, తెరమీద గేము బొమ్మల్ని చూపించే గ్రాఫిక్స్ కార్డు కొనడం మిగిలింది. అది రేషన్ కార్డులాంటిదనీ, చూపిస్తే గేములిస్తారనీ నేననుకున్నాను.

"టైపింగ్ నేర్చుకోవడానికి ఇదంతా ఎందుకు బేటీ?" అన్నాడు మేం వెళ్లిన కంప్యూటర్ దుకాణాయన హిందీలో.

"గేమ్ ఆడటానికే భయ్యా. సెకండ్‌హ్యాండ్‌దే ఇవ్వండి, కానీ చలాకే దిఖాయియే," అంది అక్క. ఆయన నడిపి చూపించేదాకా కదల్లేదు.

ఇంట్లో ఆ కార్డుకున్న బుల్లి ఫ్యాను చూసి అమ్మ, "మనకే కూలర్ లేదు, దీనికి ఫ్యానా?" అంది. అక్క నవ్వి, స్క్రూలు బిగించింది. సాయంత్రానికి తెరమీద కారు పరుగెత్తింది.

ఆడపిల్లకి ఆట కూడా అవసరమేనని అక్క ఎవరితోనూ వాదించలేదు. కొనుక్కుని ఆడింది. అదెంత పెద్ద పనో నాకిప్పుడు తెలుస్తోంది.