ఫిడేలు విద్వాంసుడు నన్నడిగిన ప్రశ్న

మొన్న పొద్దున మా పక్కింట్లో బట్టలు కుట్టే ఆమె గోడ మీది నుంచే కేకేసింది. "టీచరమ్మా, మీ ఫిడేలు సారు పోయిండంట! ఫోన్ల ఒస్తున్నది, జెర చూడుండ్రి."

"నా సారెలా అవుతాడమ్మా? దేశమంతా ఎరిగిన విద్వాంసుడు. నేనాయనతో మాట్లాడింది పదిహేను నిమిషాలు."

ఆమె నా మొహం చూసి, "పదిహేను నిమిషాలకే గింత పరేషానా?" అంది. తలుపు వేసుకుని లోపలికి వచ్చేశాను. ఒకరి మాటకు నేను వెనక్కి తగ్గడం మా వీధిలో అరుదు.

రేడియోలో ఆయన ఫిడేలు వస్తుంటే నేను కూరలు మాడ్చేదాన్ని. మా ఆయన, పాపం, మాడినవే తిన్నారు. ఆ వాద్యం వినే నేను ఫిడేలు పట్టాను. మౌలాలిలో మా చర్చి పాటల బృందంలో చాలా ఏళ్ళు వాయించాను. ఎవరు వెంట్రుకవాసి శ్రుతి తప్పినా పాట ఆపించేదాన్ని. పాస్టరుగారినీ వదల్లేదు. "టీచరుగారూ, దేవుడు క్షమిస్తాడు కదండీ" అనేవారాయన. "దేవుడు క్షమిస్తాడండీ, నేను క్షమించను" అనేదాన్ని.

మూడేళ్ళ కిందట రాంగోపాల్‌పేట్‌లో ఒక స్కూలు హాల్లో ఆయన కచేరీ జరిగింది. ముందు వరుసలో కూర్చుని, అందరిలాగే తొడ మీద తాళం వేస్తున్నాను. చరణం మధ్యలో ఫిడేలు శ్రుతి దిగింది. దిగి, అక్కడే ఉండిపోయింది. నా చెయ్యి దానంతటదే ఆగింది. ఆయన తలెత్తి సూటిగా నన్ను చూశారు. సిగ్గేసి మళ్ళీ తాళం అందుకున్నాను.

కచేరీ అయ్యాక శిష్యుడు కారు కోసం వెళ్ళాడు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఆయన ఒక్కరే టీ తాగుతున్నారు. దణ్ణం పెట్టాను.

"కుడిపక్కకు రండమ్మా, ఆ చెవి కాస్త నయం" అన్నారు. వెళ్ళాక, "చరణం దగ్గర మీ చెయ్యి ఎందుకు ఆగింది?" అని అడిగారు.

నేను చెయ్యి కొంగు కింద దాచుకున్నాను. ఆయనే చెప్పారు.

"వీణకున్నట్టు ఫిడేలుకు మెట్లుండవు. వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెప్పాలి. నా చెవి చెప్పడం మానేసింది. మా ఇంటావిడ ఉన్నన్నాళ్ళూ వంటింట్లోంచే 'దిగింది' అని అరిచేది. ఆవిడ పోయి ఏడాదైంది. శిష్యులు చెప్పరు, గురువు తప్పు ఎత్తిచూపకూడదంటారు. అందుకని ముందు వరుసలో చేతులు చూసి వాయిస్తున్నాను. దిగిందా? నిజం చెప్పండి, ఇవాళ్టితో ఆపేస్తాను. మర్యాదగా ఆపేయడం కూడా విద్యేనమ్మా."

మూడో తరగతి పిల్లలకు సున్నా వేసేటప్పుడు కూడా వణకని దాన్ని నేను. కానీ 'ఆపేస్తాను' అన్నమాట విని హడలిపోయాను. ఆయన ఫిడేలు లేని లోకానికి నేను కారణం కాదలుచుకోలేదు. నాకింకా వినాలని ఉంది. అంతే, మరే గొప్ప కారణమూ లేదు.

"లేదండీ. కీళ్ళ నొప్పులు. చెయ్యి పట్టేసింది" అన్నాను.

"నిజమేనా?"

"నిజమేనండీ."

ఆయన మొహం పసిపిల్లాడిలా విచ్చుకుంది. "హమ్మయ్య! రాత్రికి ఆముదం వెచ్చచేసి రాసుకోండి. మా ఇంటావిడకు అదే గుణమిచ్చింది" అని, లేని నా నొప్పికి ఎలా రాయాలో తన మణికట్టు మీద రుద్ది మరీ చూపించారు. ఈలోగా కారొచ్చింది. ఎక్కుతూ కూడా, "అశ్రద్ధ చేయకండి" అన్నారు.

ఆ తరువాత రెండేళ్ళు వాయించారు. కిందటేడు మా మనవరాలు నవ్వుతూ ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. "అమ్మమ్మా, ఈ తాతను చూడు, ఎంత కామెడీగా వాయిస్తున్నాడో!" ఎవరో ఆయన చివరి కచేరీ ముక్కకు పిల్లి అరుపులు కలిపారు. వేలమంది నవ్వారు. మనవరాలిని తిట్టలేదు. ఏ అర్హతతో తిట్టను? ఆ తరువాత ఆయన ఫిడేలు పెట్టె మళ్ళీ తెరవలేదట. పేపర్లు 'అనారోగ్యం' అని రాశాయి.

ఆ మనిషి అడిగినది ఒక్క మాట. నేను బతుకంతా అడక్కుండానే అందరికీ చెప్పిన మాట. అడిగిన ఆ ఒక్కరికి మాత్రం చెప్పలేదు. ఇప్పుడు నా నోటికి ఎంత పదును ఉంటే ఏం లాభం?

నిన్న ఆ చివరి కచేరీ, పిల్లి అరుపులు లేనిది, వెతికి పూర్తిగా చూశాను. చరణం దగ్గర ఫిడేలు దిగుతుంది. ఆయన తలెత్తుతారు. ముందు వరుసలో ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళతారు. అందరూ తాళం ఆపకుండా చిరునవ్వుతో తలలు ఊపుతున్నారు. ఆయన కళ్ళు దించుకుని, వాయిస్తూ పోతారు.